రిసీవర్ల తప్పా, కోచ్ తప్పా: అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులు వాదనకు దిగే ముందు చేయవలసిన పని

తమ జట్టు ఓడిపోయిన ఆదివారం సాయంత్రం అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య సాధారణంగా రెండు తీర్పులు వినిపిస్తాయి. రిసీవర్లకు, అంటే విసిరిన బంతిని అందుకునే ఆటగాళ్లకు, బంతి పట్టడం రాదన్నది మొదటిది, ప్లేలు (ఒక్కో ప్రయత్నానికి వేసే ఎత్తుగడలు) నిర్ణయించే కోచ్‌కు ఆట తెలియదన్నది రెండోది. ఆ రెండూ నిజమయ్యే రోజులు లేకపోలేదు. అయితే ఇలాంటి తీర్పులకు ఆధారం దాదాపు ఎప్పుడూ ప్లే చివరి అర సెకనే, అంటే బంతి చేతికి తగిలి జారిన క్షణమే. పాస్ విఫలం కావడానికి కారణాలు చాలావరకు బంతి దాన్ని విసిరే క్వార్టర్‌బ్యాక్ చేయి దాటక ముందే పుడతాయి కాబట్టి, వాదన కూడా ప్లే మొదలయ్యే స్నాప్ దగ్గర మొదలై క్యాచ్ దగ్గర ముగియాలి. మనలో ఎక్కువమంది దాన్ని తలకిందులుగా చేస్తుంటారు.

ముందు ఫిర్యాదు ఏమిటో తేల్చుకోవాలి

"రిసీవర్లు సరిగా ఆడటం లేదు" అనే మాటలో కనీసం నాలుగు వేర్వేరు ఫిర్యాదులు కలగలిసి ఉంటాయి. చేతికి వచ్చిన బంతిని పట్టలేకపోవడం ఒకటి. డిఫెండర్‌ను వదిలించుకుని ఖాళీలోకి రాలేకపోవడం ఇంకొకటి. ఉండవలసిన చోట ఉండకపోవడం, అంటే రూట్‌ను (తనకిచ్చిన పరుగు దారిని) తప్పుగా పరుగెత్తడం మూడోది. నాలుగోది నిజానికి రిసీవర్ మీద ఫిర్యాదే కాదు: అతను ఖాళీగా ఉన్నా బంతి రాకపోవడం. ఎదుటివారితో మాట కలిపే ముందు ఈ నాలుగింటిలో దేని గురించి మాట్లాడుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. ఒకరు జారిన బంతుల గురించి, మరొకరు ఖాళీలు దొరకకపోవడం గురించి గంటసేపు గొంతు చించుకుని, చివరికి ఇద్దరూ ఒకే మాట అన్నామని గ్రహించే వాదనలు ఎన్నో ఉంటాయి.

ఈ విభజన వల్ల మరో ప్రయోజనం కూడా ఉంది. బంతి జారడం ఆటగాడి నైపుణ్యానికి, అతనికి శిక్షణ ఇచ్చే రిసీవర్ల కోచ్‌కు సంబంధించిన విషయం. ఖాళీ దొరకకపోవడంలో ఆటగాడి వేగం, కాళ్ల పనితనం, ఆ ప్లేను రూపొందించిన అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి ఆటను నడిపే సహాయ కోచ్) ఆలోచన మూడూ కలిసి ఉంటాయి. అసలు ఆ స్థాయి ఆటగాళ్లే జట్టులో లేకపోతే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు సైడ్‌లైన్ మీద నిలబడిన కోచ్ కాదు, జట్టును ఎంపిక చేసిన జనరల్ మేనేజర్. "కోచ్‌ను తీసేయాలి" అనే ముందు ఏ కోచ్ అన్నది తేలాలి. చాలా జట్లలో ప్లేలు పిలిచేది, అంటే ఏ ప్లే ఆడాలో చెప్పేది, కోఆర్డినేటర్, కొన్నింటిలో హెడ్ కోచే ఆ పని చేస్తాడు.

ఒక్క రిసీవర్‌ను ఎంచుకుని చూడాలి

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది. స్నాప్ పడగానే అంచున ఉన్న రిసీవర్లు తెర నుంచి మాయమై, బంతి గాల్లోకి లేచాకే మళ్లీ కనిపిస్తారు. మధ్యలో గడిచిన రెండున్నర, మూడు సెకన్లలోనే వారి పనంతా జరిగిపోయి ఉంటుంది. మైదానంలోని ఇరవై రెండు మందినీ ఒకేసారి చూపే వీడియోను అమెరికా వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ 2012 నుంచి అభిమానులకు కూడా అందుబాటులో ఉంచింది. గట్టిగా వాదించదలచినవారు ఒక మ్యాచ్‌లో ఒక్క క్వార్టర్‌నైనా ఆ వీడియోలో చూడాలి. అప్పుడు కూడా బంతిని చూడకుండా ఒక్క రిసీవర్‌నే వరుసగా చూడటం మంచిది, అతనికి బంతి రాని ప్లేలను సైతం వదలకుండా.

మొదట అతను ఎక్కడ నిలబడ్డాడో చూడండి. నిబంధన ప్రకారం స్నాప్ సమయానికి అఫెన్స్‌లో (బంతి చేతిలో ఉన్న జట్టులో) కనీసం ఏడుగురు గీత మీద, అంటే బంతి ఉన్న చోటి అడ్డగీత మీద, ఉండాలి. లైన్‌కు (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఆటగాళ్ల వరుసకు) దూరంగా అంచున, గీత మీదే నిలబడే రిసీవర్‌ను ఎక్స్ అంటారు. డిఫెండర్ ఎదురుగా ముఖంలో ముఖం పెట్టి నిలిచి, మొదటి అయిదు గజాల లోపు అతన్ని చేతులతో అడ్డుకునే వీలుంది. గీతకు ఒక అడుగు వెనుక నిలబడే జెడ్ రిసీవర్‌కు, లోపలి వైపున ఉండే స్లాట్ రిసీవర్‌కు ఈ బాధ కొంత తక్కువ. వారిని స్నాప్‌కు ముందు మోషన్‌లో కదిలించవచ్చు, ఒకరి వెనుక ఒకరిని నిలిపి డిఫెండర్ చేయి సోకకుండా చూడవచ్చు. కాబట్టి నిరంతరం ఎక్స్ స్థానంలో నిలబడి ప్రత్యర్థి జట్టులోని మేటి కార్నర్‌ను (అంచున కాసే డిఫెండర్‌ను) ఎదుర్కొనేవాడిని, స్లాట్‌లో తేలికగా ఖాళీలు దొరికేవాడితో పోల్చడం న్యాయం కాదు. దానికి బదులుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: గీత దగ్గరే చిక్కుకుపోతున్న కుర్రవాడిని కోచ్ వారం తర్వాత వారం అక్కడే ఎందుకు నిలబెడుతున్నాడు? ఇది కోచింగ్ మీద వేయగల పదునైన విమర్శ. దీన్ని రుజువు చేయడానికి వీడియో చాలు, లెక్కలు కూడా అక్కర్లేదు.

తర్వాత అతని విడుదలను, అంటే మొదటి మూడు అడుగులను చూడండి. ఆ మీదట రూట్ మలుపును చూడండి. మలుపు దగ్గర అడుగులు చిన్నవై వేగం తగ్గితే డిఫెండర్‌కు ముందే కబురు అందినట్టే. అక్కడి నుంచి క్వార్టర్‌బ్యాక్ వైపు చూపు తిప్పి, రిసీవర్ ఖాళీ అయిన క్షణంలో బంతి ఎక్కడ ఉందో గమనించండి. లైన్ కూలిపోయి క్వార్టర్‌బ్యాక్ అప్పటికే పరుగు లంకించుకుని ఉంటే, ఆ రిసీవర్ ఎంత గొప్పగా ఖాళీ అయినా లెక్కల్లో సున్నాయే. తిలా పాపం తలా పిడికెడు అన్నది పాస్ ఆటకు బాగా సరిపోతుంది, కాకపోతే ఎవరి పిడికిలి ఎంతో కొలవడానికి ఓపిక కావాలి.

ఒక్క విషయంలో మాత్రం వీడియో కూడా మోసం చేస్తుంది. నేటి అఫెన్సుల్లో చాలా రూట్‌లు ముందే ఖాయమైనవి కావు. డిఫెన్స్ కవరేజ్ జోన్ అయితే (ఒక్కొక్కరు ఒక్కో చోటును కాస్తే) ఖాళీలో ఆగిపోవాలి, మ్యాన్ అయితే (ఒక్కొక్కరు ఒక్కో రిసీవర్‌ను వెంటాడితే) పరుగు కొనసాగించాలి. క్వార్టర్‌బ్యాక్, రిసీవర్ ఒకే కవరేజ్‌ను రెండు రకాలుగా చదివినప్పుడు బంతి ఎవరూ లేని గడ్డి మీద పడుతుంది. చూసేవారికి అది చెత్త త్రోలా కనిపిస్తుంది. తప్పు ఎవరిదో జట్టు సమావేశ గదిలో కూర్చున్నవారికే తెలుస్తుంది. ఇలాంటి ప్లేలను మీ లెక్కలో ఏ పక్షానా వేయకండి. అయితే ఒకే జంట మధ్య అవి పదే పదే జరుగుతుంటే, ఆ సంగతిని శిక్షణ లోపంగా లేవనెత్తవచ్చు.

డ్రాప్ అంటే ఏమిటో ముందే ఒప్పుకోవాలి

డ్రాప్, అంటే పట్టవలసిన బంతిని జారవిడవడం, ఎన్‌ఎఫ్‌ఎల్ అధికారిక గణాంకం కాదు. గణాంక సంస్థలు తమ తమ కొలమానాలతో లెక్కించడం వల్ల ఒకే ఆటగాడికి రెండు చోట్ల రెండు సంఖ్యలు కనిపిస్తాయి. అందుచేత వాదించే ఇద్దరూ ఒక నిర్వచనానికి కట్టుబడాలి. నేను పాటించేది ఇది: బంతి రెండు చేతులకూ తగలాలి, డిఫెండర్ తాకి ఉండకూడదు, రిసీవర్ గాల్లో అడ్డంగా పడి సాగిలపడవలసిన అవసరం ఉండకూడదు. మిగిలినవన్నీ కష్టమైన క్యాచ్‌లు. వాటిని పట్టినవారిని మెచ్చుకోవచ్చు గానీ పట్టనివారిని నిందించకూడదు.

జారిన తీరు కూడా ఎంతో చెబుతుంది. బంతి అందక ముందే తల ముందుకు తిప్పి పరుగు గురించి ఆలోచించే ఆటగాడిది ఏకాగ్రత లోపం, అది ఎప్పుడో ఒకసారి అందరికీ జరుగుతుంది. ప్రతి బంతినీ ఛాతీకి హత్తుకుని పట్టడానికి చూసేవాడిది మాత్రం పద్ధతిలోనే లోపం. నడుముకు పైన వచ్చిన బంతికి బొటనవేళ్లు, కింద వచ్చిన బంతికి చిటికెనవేళ్లు దగ్గరగా చేర్చాలన్నది బడి స్థాయిలోనే నేర్పే పాఠం. అక్టోబరులో జరిగిన తప్పు డిసెంబరులోనూ అదే తీరులో జరుగుతుంటే, రిసీవర్ల కోచ్‌ను ప్రశ్నించే హక్కు అభిమానికి ఉంది.

అంకెల విషయంలో ఒక్క హెచ్చరిక. టార్గెట్లలో, అంటే అతని వైపు విసిరిన బంతుల్లో, ఎన్ని పట్టాడన్న శాతం చూసి ఎవరినీ కొట్టిపారేయకండి. పది బంతులు అతని వైపు వచ్చి అయిదే పట్టాడనుకుందాం. జారినది ఒకటే కావచ్చు, రెండు తలపై నుంచి పోయి ఉండవచ్చు, రెండింటిని డిఫెండర్ చెదరగొట్టి ఉండవచ్చు. ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో అమర్చిన చిప్‌ల ద్వారా లీగ్ ప్రకటించే సెపరేషన్ అంకె కూడా అంతే. అది బంతి చేరినప్పుడో నేలపాలైనప్పుడో అతి దగ్గరలోని డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడో చెబుతుంది తప్ప, బంతి రాని ప్లేలలో అతను ఎంత ఖాళీగా ఉన్నాడో చెప్పదు. లోతైన రూట్‌లు పరుగెత్తేవారికి ఆ అంకె సహజంగానే తక్కువగా వస్తుంది. అంకెలను వీడియోలో మీరు చూసినదాన్ని సరిచూసుకోవడానికి వాడండి, చూడటం మానేయడానికి కాదు.

2023 నాటి కాన్సస్ సిటీ: వాదన నేర్చుకోవడానికి మంచి ఉదాహరణ

ఈ పద్ధతిని ప్రయోగించి చూడటానికి 2023 సీజన్ కాన్సస్ సిటీ చీఫ్స్‌ను మించిన జట్టు లేదు. సెప్టెంబరు 7న లయన్స్‌తో జరిగిన మొదటి మ్యాచ్‌లో కడేరియస్ టోనీ చేతుల్లోంచి జారిన బంతిని లయన్స్ డిఫెండర్ బ్రయన్ బ్రాంచ్ అందుకుని ఆరు పాయింట్ల టచ్‌డౌన్ చేశాడు, చీఫ్స్ 20-21తో ఓడింది. నవంబరు 20న ఈగల్స్‌పై, రెండు నిమిషాల లోపు సమయం ఉండగా, దాదాపు ఖాయమైన టచ్‌డౌన్ బంతిని మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్ జారవిడిచాడు, స్కోరు 17-21. డిసెంబరు 10న బిల్స్‌పై సహచరుడు ట్రావిస్ కెల్సీ వెనక్కి విసిరిన బంతితో టోనీ టచ్‌డౌన్ చేసినా, స్నాప్‌కు ముందు టోనీ ఆఫ్‌సైడ్‌లో, అంటే గీత దాటి, నిలబడినందున అది చెల్లలేదు, 17-20. మూడు ఓటములు, మూడింటిలోనూ రిసీవర్లే. తీర్పు తేలికగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్కొక్కదాన్ని వెనక్కి తిప్పండి. టోనీ వేసవి శిక్షణ శిబిరంలో ఎక్కువ భాగం మోకాలి గాయంతో దూరంగా ఉన్నాడు, పైగా లయన్స్ మ్యాచ్‌కు కెల్సీ లేడు. సాధన లేని ఆటగాడి మీద అంత భారం మోపడం కోచ్‌ల నిర్ణయం, అలాంటి పరిస్థితి రావడం జట్టు నిర్మాణ నిర్ణయం. మేటి రిసీవర్ టైరీక్ హిల్‌ను 2022 మార్చిలో మయామీకి పంపినప్పుడే ఈ ప్రశ్న మొదలైంది. ఈగల్స్ మ్యాచ్‌లో చీఫ్స్ రెండో సగంలో ఒక్క పాయింటు కూడా చేయలేదు. ప్రత్యర్థి ఎండ్ జోన్‌లో క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఒక బంతిని ఇంటర్‌సెప్షన్‌గా (డిఫెండర్ చేతికి) ఇచ్చాడు, గోల్ గీత సమీపంలో కెల్సీ బంతిని పోగొట్టుకున్నాడు. వాల్డెస్-స్కాంట్లింగ్ డ్రాప్ క్షమించరానిదే, కానీ ఆ ఓటమి మొత్తాన్ని అతని ఖాతాలో రాయడం తప్పు. మూడోదానికి మాత్రం ఏ సాకూ లేదు: గీత ఎక్కడుందో చూసుకుని నిలబడటానికి ప్రతిభ అక్కర్లేదు, ఒక్క చూపు చాలు.

హెడ్ కోచ్ ఆండీ రీడ్ ఆ తర్వాత చేసిన పని వాదించేవారు ప్రత్యేకంగా గమనించదగినది. చేతులు నిలకడగా ఉన్న కొత్త కుర్రవాడు రషీ రైస్‌కు సీజన్ సాగే కొద్దీ ఎక్కువ పని ఇచ్చాడు. రైస్ ఆ ఏడు 79 క్యాచ్‌లతో 938 గజాలు సాధించాడు. టోనీ ప్లేఆఫ్‌లలో ఆడలేదు. అయితే అభిమానులు బయటికి పంపమన్న వాల్డెస్-స్కాంట్లింగ్‌ను మాత్రం జట్టులో ఉంచాడు. సీజన్ మొత్తంలో 21 క్యాచ్‌లే పట్టిన అతన్ని ఎందుకు ఉంచాలన్న ప్రశ్న సహజమే. అతని వేగం వల్ల సేఫ్టీలు (వెనుక వరుస డిఫెండర్లు) లోతుగా నిలబడవలసి వస్తుంది, దాంతో కెల్సీకి, రైస్‌కు మధ్యలో చోటు దొరుకుతుంది. ఈ పనికి ఏ పట్టికలోనూ అంకె ఉండదు. రేవెన్స్‌తో ఏఎఫ్‌సీ (లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్లో 17-10 ఆధిక్యాన్ని ఖాయం చేసిన 32 గజాల క్యాచ్ అతనిదే, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లోనూ ఒక టచ్‌డౌన్ చేశాడు. చీఫ్స్ 25-22తో టైటిల్ గెలిచింది. దీన్ని బట్టి డిసెంబరులో విమర్శించినవారంతా పొరబడ్డారని అనలేం. ఆ జట్టును కాపాడింది ప్రధానంగా డిఫెన్సే. కానీ "అతన్ని తీసేయండి" అన్నవారిలో ఎంతమంది అతను చేస్తున్న పని ఎవరు చేస్తారో చెప్పారన్నది అడగదగిన ప్రశ్న.

కోచ్ నిర్ణయాన్ని ఫలితంతో కొలవకూడదు

కోచ్‌పై వాదనలో అతి పెద్ద ఉచ్చు ఫలితం. 2015 ఫిబ్రవరి 1న జరిగిన సూపర్ బౌల్‌లో సీహాక్స్ న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌పై 24-28తో వెనుకబడి, గోల్ గీతకు ఒక గజం దూరంలో, రెండో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో రెండోది), 26 సెకన్లు ఉండగా పరుగు ఆటగాడు మార్షాన్ లించ్‌కు బంతి ఇవ్వకుండా పాస్ వేసింది. న్యూ ఇంగ్లండ్ డిఫెండర్ మాల్కమ్ బట్లర్ దాన్ని ఇంటర్‌సెప్ట్ చేశాడు. చరిత్రలోనే అతి చెడ్డ నిర్ణయమని చాలామంది ఈనాటికీ అంటారు. కానీ ఆ క్షణంలో సీహాక్స్ దగ్గర ఒక్క టైమ్‌అవుట్ మాత్రమే ఉంది. రెండో డౌన్‌లో పరుగు విఫలమైతే ఆ టైమ్‌అవుట్ ఖర్చవుతుంది, మూడో డౌన్‌లోనూ పరుగు విఫలమైతే గడియారం ఆగదు. మధ్యలో ఒక పాస్ ఉంటే, అది నేలపడినా గడియారం ఆగుతుంది కాబట్టి మూడు ప్రయత్నాలకూ సమయం దక్కుతుంది. పాస్ వేయాలన్న ఆలోచన పిచ్చిది కాదు.

పాస్ రకాన్ని విమర్శించండి, అక్కడ బలం ఉంది. జనం కిక్కిరిసిన లోపలి వైపుకు స్లాంట్ (ఏటవాలుగా కోసుకెళ్లే రూట్) వేయడం, లక్ష్యంగా జట్టులోని ప్రధాన రిసీవర్‌ను కాకుండా రికార్డో లాకెట్‌ను ఎంచుకోవడం, పైగా ఆ ప్లేను న్యూ ఇంగ్లండ్ ప్రాక్టీసులో ముందే చూసి ఉండటం. ఇక రిసీవర్ల వంతు: ఆ ప్లేలో బట్లర్ దారికి అడ్డుపడవలసిన జెర్మైన్ కర్స్‌ను మరో డిఫెండర్ బ్రాండన్ బ్రౌనర్ గీత దగ్గరే కదలనివ్వలేదు. బంతి రాని రిసీవర్ ఓడిపోయిన ఆ అర సెకనే బట్లర్‌కు దారి ఇచ్చింది. ఆ ఘట్టం గురించి మాట్లాడేవారిలో కర్స్ పేరు ఎత్తేవారు ఎందరున్నారో చూస్తే, మన కళ్లు ఎక్కడ ఉంటాయో అర్థమవుతుంది.

కాబట్టి నిర్ణయాన్ని తూచేటప్పుడు ప్లే ఫలితాన్ని చేత్తో మూసేసి, డౌన్, దూరం, గడియారం, మిగిలిన టైమ్‌అవుట్లు, ఎదుటివారి అమరిక మాత్రమే చూడండి. ఆ సమాచారంతో మీరు ఏం చేసేవారో చెప్పండి. చెప్పలేకపోతే ఆ విమర్శను పక్కన పెట్టడమే మర్యాద.

ఏది మారినప్పుడు ఏం జరిగిందో వెతకాలి

ఆటగాడిదా, వ్యవస్థదా అన్న చిక్కుముడి విప్పడానికి ఉత్తమమైన మార్గం, ఒకటి మారి మిగిలినవి మారని సందర్భాలను వెతకడం. 2018లో డాలస్ కౌబాయ్స్ దాదాపు అలాంటి అరుదైన సందర్భం. రిసీవర్ డెజ్ బ్రయంట్‌ను వదులుకుని 3 గెలుపులు, 4 ఓటములతో తడబడుతున్న ఆ జట్టు అక్టోబరులో మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త ఆటగాడిని ఎంచుకునే హక్కు) ఇచ్చి రిసీవర్ అమారీ కూపర్‌ను తెచ్చుకుంది. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ అతనే, కోఆర్డినేటర్ స్కాట్ లైనహాన్ అతనే. మిగిలిన తొమ్మిది మ్యాచ్‌లలో కౌబాయ్స్ ఏడు గెలిచింది, కూపర్ 725 గజాలు సాధించాడు. లోపం ప్రధానంగా ఆటగాళ్ల కొరతేనని ఇది చెబుతుంది. అయినా సీజన్ ముగిశాక లైనహాన్ ఉద్యోగం పోయింది, ఎందుకంటే రెండు లోపాలు ఒకేసారి ఉండవచ్చు.

గ్రీన్ బే ప్యాకర్స్ 2015 కథ ఇంకా చిక్కైనది. ముందు ఏడాది 1,519 గజాలు సాధించిన రిసీవర్ జోర్డీ నెల్సన్ ప్రీసీజన్‌లోనే మోకాలి గాయంతో సీజన్‌కు దూరమయ్యాడు. అదే ఏడాది హెడ్ కోచ్ మైక్ మెకార్తీ ప్లే కాలింగ్‌ను సహాయ కోచ్ టామ్ క్లెమెంట్స్‌కు అప్పగించి, డిసెంబరులో మళ్లీ తానే తీసుకున్నాడు. నెల్సన్ స్థానం నింపవలసిన రెండో ఏడాది ఆటగాడు డవాంటే ఆడమ్స్ చీలమండ గాయంతో కుంటుతూ 50 క్యాచ్‌లు, 483 గజాలు, ఒకే ఒక్క టచ్‌డౌన్‌తో ముగించి, అభిమానుల చేత నానా మాటలు పడ్డాడు. నెల్సన్ తిరిగి వచ్చిన 2016లో అదే ఆడమ్స్ 997 గజాలు, 12 టచ్‌డౌన్లు చేశాడు. తర్వాత లీగ్‌లోనే మేటి రిసీవర్లలో ఒకడయ్యాడు. ఇక్కడ ఒకేసారి మూడు విషయాలు మారాయి కాబట్టి ఏ ఒక్కదానికీ తప్పు అంటగట్టలేం. అయితే రెండో ఏడాదిలో ఉన్న, గాయంతో ఆడుతున్న, తన శక్తికి మించిన స్థానంలో నిలబడిన కుర్రవాడి మీద శాశ్వత తీర్పు ఇవ్వకూడదని మాత్రం చెప్పవచ్చు. 1985లో జెర్రీ రైస్ కూడా మొదటి ఏడాది బంతులు జారవిడిచి సొంత ప్రేక్షకుల చేతే గేలి చేయించుకున్నాడు. మరుసటి ఏడు అతను 1,570 గజాలు చేశాడు. ఇలా అంటే జారవిడిచే ప్రతివాడూ జెర్రీ రైస్ అవుతాడని కాదు. అలా వాదించేవారు కూడా ఉంటారు, వారిని నమ్మకండి.

మార్పు కోరేటప్పుడు

విమర్శ ముగిసి సలహాకు వచ్చాక నియమం సులువే: బయటికి పంపమన్నవాడి చోట ఎవరు ఆడాలో, ఏ స్థానంలో ఆడాలో, పరుగు ప్లేలలో అతని బ్లాకింగ్ ఎవరు చేయాలో చెప్పాలి. క్యాచ్‌లు తక్కువైనా బ్లాకింగ్ బాగా చేసే రిసీవర్‌ను కోచ్‌లు ఎందుకు వదులుకోరో ఈ మూడో ప్రశ్న దగ్గర తెలుస్తుంది. బయటి నుంచి ఎవరినైనా తెమ్మంటే, ట్రేడ్ గడువు దాటిందో లేదో, ఏ డ్రాఫ్ట్ పిక్ ఇవ్వాలో, శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితిలో) చోటు ఉందో చూసి మాట్లాడాలి. కోఆర్డినేటర్‌ను మార్చమంటే, సీజన్ మధ్యలో కొత్త ప్లేబుక్ నేర్చుకునే సమయం ఎవరికీ ఉండదు కాబట్టి, ఉన్న ప్లేబుక్‌తోనే మరొకరు భిన్నంగా ఏం పిలుస్తారో చెప్పాలి.

చివరగా, తదుపరి మ్యాచ్‌కు ముందే మీ అంచనాను తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఉదాహరణకు, ఫలానా ఆటగాడిని స్లాట్‌లోకి మారిస్తే గీత దగ్గర చిక్కుకోవడం తగ్గుతుందని. ఏం జరిగితే మీ అభిప్రాయం తప్పని ఒప్పుకుంటారో కూడా అదే కాగితం మీద ఉండాలి. వాదించే రెండోవారి చేత కూడా అలాగే రాయించండి. ఒక మ్యాచ్ చాలదు, కనీసం నాలుగు వారాలు ఆగి రెండు కాగితాలనూ వీడియోతో పోల్చి చూడండి. ఆ నాలుగు వారాల్లో ఆటగాడికి గాయమైనా, క్వార్టర్‌బ్యాక్ మారినా, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి.